బీరువాలో కారు, అటక మీద బస్సు

(ఆత్మకూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "ప్రత్యేక సంచిక వేస్తున్నాం. సమావేశంలో మీరొక అరగంట మాట్లాడండి, అదే అచ్చు వేస్తాం" అన్నారు. డి.ఏ. బకాయిల మీద మాట్లాడేవాళ్లు ఉన్నారు. లైఫ్ సర్టిఫికెట్ మీద, ఆసుపత్రి బిల్లుల మీద నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. "నాకు బొమ్మ కార్లు తప్ప వేరే విషయం లేదయ్యా" అన్నాను. ఆయన నవ్వి, "అదే చెప్పండి, ఆ పూటకైనా బకాయిలు మరిచిపోతాం" అన్నారు. కాబట్టి ఈ నేరంలో ఆయనకూ సగం వాటా ఉందని మనవి చేసుకుంటున్నాను.

బొమ్మ కార్లు పోగుచేసేవాళ్లను ఇంగ్లీషువాళ్లు కలెక్టర్లంటారు. 1973లో జూనియర్ అసిస్టెంటుగా చేరి 2009లో దిగిపోయేదాకా రెవెన్యూ శాఖలోనే బతికినవాణ్ణి నేను. నాకు కలెక్టరంటే ఒకరే. ఆయన వస్తున్నారంటే మూడు రోజుల ముందు నుంచీ తాలూకా కచేరీలో ఎవరికీ అన్నం సయించేది కాదు. ఇప్పుడు నేనే కలెక్టర్నని మా ఇంటావిడతో చెబితే, "జీతం లేని కలెక్టరు" అంటుంది. ఆమె మాట నిజమే. నా దగ్గర ఈ రోజుకు అరవై మూడు బండ్లు ఉన్నాయి. ఒక్కటీ నడవదు.

ఇవి చిన్నపిల్లల ఆటబొమ్మలు కదా, వీటికింత గొడవేమిటని మీకు అనిపించవచ్చు. ఆటబొమ్మకూ నమూనాకూ తేడా ఒక్కటే, స్కేలు. స్కేలంటే మనవాళ్లందరికీ పే స్కేలు గుర్తుకొస్తుంది. నేను చెప్పేది సర్వే స్కేలు. గ్రామ పటంలో పదహారు అంగుళాలు ఒక మైలు. అంటే ఊరిని 3960వ వంతుకు తగ్గించి కాగితం మీద పెట్టాం. అదేవిధంగా కారును 43వ వంతుకో, 64వ వంతుకో తగ్గిస్తారు. మన అంబాసిడర్ పొడవు పద్నాలుగు అడుగులకు కాస్త పైన. 43వ వంతు చేస్తే పది సెంటీమీటర్లు, అరచేతిలో సరిగ్గా ఇముడుతుంది. 64వ వంతు చేస్తే చొక్కా జేబులో పడుతుంది. ఈ 43 అనే వింత అంకె ఎక్కడిదని నేను చాలాకాలం తల గోక్కున్నాను. బొమ్మ రైళ్లు చేసే ఇంగ్లీషువాళ్లు అడుగుకు ఏడు మిల్లీమీటర్ల లెక్క పెట్టుకున్నారు. ఆ రైలు స్టేషను పక్కన నిలబెట్టడానికి చేసిన కార్లకూ అదే లెక్క పట్టింది. మూడు వందల నాలుగు చిల్లర మిల్లీమీటర్లను ఏడుతో భాగిస్తే వచ్చేది అదే.

నేను పుట్టింది ఉదయగిరిలో. మా చిన్నప్పుడు స్కేలూ లేదు, కారూ లేదు. తాటిబుర్రలు రెండు తీసుకుని మధ్యలో పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ దుర్గం కొండ కింద దుమ్ములో పరుగెత్తేవాళ్లం. ఉన్నవాళ్ల పిల్లలకు రేకు బొమ్మలు ఉండేవి. అంచు తగిలి వేలు తెగితే పసుపు అద్దేవాళ్లు. జమాబందీ రోజుల్లో పెద్ద దొరల కార్లు వస్తే పిల్లలందరం దూరంగా నిలబడి చూసేవాళ్లం. ఒకసారి డఫేదారు కంట పడకుండా వెళ్లి ఒక కారు బానెట్ మీద చెయ్యి వేశాను. ఎండకు కాలింది. ఆ కాలిన చెయ్యే ఈ అరవై మూడు బండ్లకూ మూలమని నా అనుమానం.

ఇక అసలు సంగతి. 1982లో మా బంధువు ఒకాయనకు ఆపరేషనైతే తోడుగా మద్రాసు వెళ్లాను. అప్పటికి మా అబ్బాయికి ఐదేళ్లు. సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్ ఉండేది. 1985లో కాలిపోయింది, మీలో చాలామంది చూసే ఉంటారు. పాత పుస్తకాల కొట్ల వరుస దాటాక ఒక బొమ్మల కొట్లో నీలం రంగు కారు కనిపించింది. చేతిలోకి తీసుకుంటే చల్లగా, బరువుగా, పడికట్టు రాయి పట్టుకున్నట్టు ఉంది. తలుపులు తెరుచుకుంటున్నాయి. వేసినప్పుడు టిక్కుమని చప్పుడు. ధర విని కింద పెట్టాను, మళ్లీ తీశాను. ఆసుపత్రి దగ్గర తిండి ఖర్చులో మిగిలించి కొన్నాను.

అదే ఏడు ఏ.ఎస్.పేట ఉరుసుకు పోయినప్పుడు మా ఆవిడ వాడికి ఎర్ర ప్లాస్టిక్ బస్సు కొనిపెట్టింది. గాలి వేస్తే ఎగిరిపోయేంత తేలిక. రెండు ముక్కలు అతికించిన గీత పైన కనిపిస్తూనే ఉండేది. కిటికీల్లో జనం లేరు, రంగు కాగితం మీద బొమ్మలు వేసి లోపల అంటించారు.

నీలం కారును నేను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆదివారం సాయంత్రం తీసి, వాణ్ణి చాప మీద కూర్చోబెట్టి, చేతులు కడిగించి, పది నిమిషాలు ఇచ్చి మళ్లీ లోపల పెట్టేవాణ్ణి. రికార్డు రూములో పనిచేసినవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎర్ర బస్సుకు అటువంటి మర్యాదలేవీ లేవు. దానికి దారం కట్టి వీధంతా ఈడ్చాడు. ఇసుక నింపాడు, బావి దగ్గర నీళ్లలో తోశాడు, చీమల్ని ఎక్కించి నెల్లూరు పంపించాడు. చక్రాలు ఊడిపోతే సోడా మూతలు కొట్టించుకున్నాడు. మధ్యలో విరిగితే మా ఆవిడ సూది కాల్చి కుట్లు వేసింది. చివరకు అది ఏమైందో నాకు తెలియదు. 1986లో మాకు బదిలీ అయింది, సామాను సర్దేటప్పుడు అటక మీద చూసినట్టు గుర్తు.

వీటి చరిత్ర కొంచెం చెప్పాలి. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన మెకానో కంపెనీ పెట్టాడు. వాళ్ల చిన్న కార్లకు 1934లో డింకీ అని పేరు పెట్టారు. యుద్ధం తర్వాత 1947లో లెస్నీ అని ఇంకో కంపెనీ పుట్టింది. అందులో జాక్ ఓడెల్ అనే ఆయన ఉండేవాడు. ఆయన కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలు మాత్రమే తేవాలని నియమమట. ఆ పిల్ల కోసం ఆయన ఇత్తడితో అగ్గిపెట్టెలో పట్టే రోడ్డు రోలరు చేసిచ్చాడు. 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ కార్లకు ఆ పేరు అలా వచ్చింది. అమెరికాలో మాటెల్ కంపెనీ 1968లో పదహారు కార్లతో హాట్ వీల్స్ తెచ్చింది. మన దేశంలో కలకత్తా నుంచి నిక్కీ టాయ్స్ పేరుతో, డింకీవాళ్ల పాత అచ్చులతో పోసిన కార్లు వచ్చేవి. అక్కడ అరిగిపోయిన అచ్చు ఇక్కడ కొత్త ఉద్యోగంలో చేరిందన్నమాట. డింకీ ఫ్యాక్టరీ 1979లోనే మూతపడింది.

ఆ లోహం ఏమిటి? ఇనుము కాదు. ఇక్కడ నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్పుకోవాలి. రిటైరైన కొత్తలో, నెల్లూరులో ఒక కొట్లో కారు చూపించి, "అచ్చమైన మెటల్ సార్" అన్నాడు కొట్టతను. నేను మహా తెలివిగా జేబులోంచి అయస్కాంతం తీశాను. అంటుకోలేదు. "ఏందబ్బాయ్, ముసలివాణ్ణని మోసం చేస్తున్నావా?" అని నలుగురిలో గట్టిగా అరిచి వచ్చేశాను. తర్వాత తెలిసింది, అది నిజంగా లోహమే. అది జింకు, మన పెద్దలు తుత్తునాగం అనేది. అయస్కాంతానికి జింకు అంటదు. మరుసటి నెల పింఛను రాగానే పోయి ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పుకుని, అదే కారు కొన్నాను. వాడు పది రూపాయలు తగ్గించాడు కూడా. నాకు మరీ సిగ్గేసింది.

జింకులో నూటికి నాలుగు పాళ్లు అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం, రాగి కలిపితే వచ్చేదాన్ని జమాక్ అంటారు. ఆ నాలుగు లోహాల జర్మన్ పేర్లలో మొదటి అక్షరాలే ఆ పేరు. అమెరికాలో 1929లో తయారుచేశారు. దాదాపు 380 డిగ్రీల వేడికే కరుగుతుంది. రెండు చెక్కలుగా ఉన్న ఉక్కు అచ్చులోకి దాన్ని ఒత్తిడితో చిమ్మి, క్షణాల్లో చల్లార్చి, అచ్చు తెరిస్తే కారు ఒళ్లు ఊడిపడుతుంది. అంచుల్లో మిగిలిన రేకు గీకేసి రంగు వేస్తారు. అదే డైకాస్ట్. ఆ ఉక్కు అచ్చుకు చాలా ఖర్చవుతుంది. అందుకే వేలకు వేలు అమ్ముడుపోయే కారుకే లోహపు బొమ్మ గిట్టుబాటు. మన విశాఖపట్నంలోనూ 1977 నుంచి హిందూస్థాన్ జింక్ వాళ్ల కర్మాగారం జింకు తీసేది. అది మూతపడి ఏళ్లయింది.

ఇప్పుడు ఓట్ల సంగతి. సేకరించేవాళ్లలో ఎక్కువమంది లోహానికే ఓటేస్తారు. కారణం అడిగితే చెయ్యి చాపి కారు అందులో పెడతారు, నోటితో చెప్పరు. ఆ బరువే వాదన. జమాక్ నీటికంటే ఆరున్నర రెట్లు బరువు, కార్లకు వాడే ఏ.బి.ఎస్. ప్లాస్టిక్ నీటితో దాదాపు సమానం. ముట్టుకుంటే లోహం చల్లగా తగులుతుంది, బల్ల మీద పెడితే చప్పుడు వేరు. హాట్ వీల్స్ సేకరించే కుర్రవాళ్లు కారును తిరగేసి ముందు అడుగుభాగం చూస్తారు. పైన లోహం, కింద కూడా లోహం ఉంటే దానికి గిరాకీ. ఖర్చు తగ్గించడానికి కంపెనీలు అడుగుభాగం ప్లాస్టిక్‌తో పోస్తున్నాయి, పైన మాత్రమే లోహం. దీని మీద వాళ్లు పడే బాధ చూస్తే మనకు పి.ఆర్.సి. ఫిట్‌మెంటు తగ్గినప్పుడు పడిన బాధ గుర్తొస్తుంది.

నెల్లూరులో నాకొక మిత్రుడున్నారు, రిటైరైన హెడ్మాస్టరుగారు. ఆయన లోహపక్షం. కారు కొనే ముందు వంటింటి కాటా మీద పెట్టి తూస్తారు. ఈ మధ్య రెజిన్ అనే కొత్త పదార్థం వచ్చింది. సిలికాన్ రబ్బరు అచ్చులో చేత్తో పోస్తారు, అచ్చు చవక. అందుకని ఏ వందో రెండు వందలో చాలనుకున్న అరుదైన కార్లను దానితో చేస్తున్నారు. గీతలు చాలా నాజూకుగా వస్తాయి. కానీ తలుపులు తెరుచుకోవు. ఒకటి తీసుకుపోయి చూపిస్తే మేష్టారు అటూ ఇటూ తిప్పి, "తలుపు తెరుచుకోనిది కారెట్లా అవుతుందయ్యా, రంగేసిన ఇటుక" అన్నారు.

నా మటుకు నేను మేష్టారితో పూర్తిగా ఏకీభవించను. లోహపు బొమ్మలు కూడా ఏనాడూ పూర్తి లోహం కాదు. 1956లో కోర్గీ అనే కంపెనీ తన కార్లకు అద్దాలు పెట్టి, అద్దాలున్న కార్లు మావేనని గొప్పగా చాటింది. ఆ అద్దాలు ప్లాస్టిక్కే కదా! పక్క అద్దం కాడ, వైపరు పుల్ల, జాలీ కన్నాలు, ఇవేవీ జమాక్‌తో అంత సన్నగా పోయలేరు. పోసినా పైన రంగు పూత పడేసరికి గీతలు పూడిపోతాయి. ప్లాస్టిక్‌కు రంగు ముద్దలోనే కలుస్తుంది కాబట్టి పెచ్చులూడదు. లోహపు కారు మూల తగిలిందంటే రంగు లేచిపోయి కింద తెల్లటి జింకు కనిపిస్తుంది. అయితే ప్లాస్టిక్‌కూ రోగాలున్నాయి. కిటికీ ఎండలో పెడితే పసుపెక్కుతుంది, వంకరపోతుంది, కొన్నేళ్లకు పెళుసుబారుతుంది. మెత్తటి టైర్లలో ఉండే నూనెలాంటిది ఊరి, తగిలి ఉన్న ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. మా ఇంట్లో ఒక వ్యాను నాలుగు కాళ్లూ పెట్టెకు అతుక్కుపోయి కూర్చుంది.

డైకాస్ట్ అని పెట్టె మీద ఉంది కదా అని నమ్మేయకండి. ఒకసారి డబ్బు కట్టి పోస్టులో తెప్పించుకున్నాను. వచ్చింది చూస్తే అడుగున ఒక్క పలక మాత్రం లోహం, మిగతా ఒళ్లంతా ప్లాస్టిక్. ఉత్తరం రాశాను. "డైకాస్ట్ భాగాలు గలది అనే రాశాం" అని జవాబు. జీవో చదివినట్టు చదవకపోవడం నాదే తప్పు.

అసలు ఉద్యోగుల కారు అంబాసిడర్ కదా. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు దానికి తాత. 1958 నుంచి 2014 మే నెల దాకా ఉత్తర్‌పారాలో చేశారు. నేను సేకరణ మొదలుపెట్టాక బజారులో సులభంగా దొరికిన అంబాసిడర్ సెంటీ టాయ్స్ వాళ్ల ప్లాస్టిక్ బొమ్మే. వెనక్కి లాగి వదిలితే ముందుకు పరుగెత్తుతుంది. నా మనసులో ఉన్నది లోహం, దొరికింది ప్లాస్టిక్. తెల్లది కొని, పైన చిన్న ఎర్ర దీపం మా మనవరాలి చేత పెట్టించాను. పక్కన నిలబెట్టి చూస్తే విదేశీ లోహపు కార్లు పదీ ఒకవైపు, ఇదొక్కటీ ఒకవైపు. జమాబందీ రోజు నేను చెయ్యి వేసిన బానెట్ ఇదే. బరువు తక్కువైతే మాత్రం దీన్ని ఎట్లా కాదంటాను?

ఇక బీరువాలోని నీలం కారు దగ్గరికి వస్తాను. 2009లో నేను రిటైరై ఆత్మకూరులో స్థిరపడ్డాక, ఒక రోజు తీరిగ్గా బీరువా సర్దుతూ దాన్ని తీశాను. ఎన్నేళ్లయిందో తీసి. బట్టలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి ఉంది. ఎవరూ ముట్టలేదు, ఎక్కడా దెబ్బ తగల్లేదు. కానీ బానెట్ మీద సన్నటి నెర్రెలు ఉన్నాయి, కరువు ఏడాది చెరువు అడుగున కనిపిస్తాయే, అట్లా. రంగు బొబ్బలెక్కింది. తలుపు తెరవబోతే కీలు చేతిలోకి వచ్చింది. వేలితో నొక్కితే అంచు బిస్కెట్టులాగా పొడి అయింది.

అప్పుడు చదివి తెలుసుకున్నాను. జింకు నూటికి 99.99 పాళ్లు శుద్ధంగా ఉండాలి. పోసే రోజున అందులో కాస్త సీసమో తగరమో కలిసిందా, అది లోపలి రేణువుల సందుల్లో కూర్చుని కొన్నేళ్లకు మొత్తాన్ని పగలగొడుతుంది. దీన్ని జింకు తెగులంటారు. యుద్ధానికి ముందటి డింకీ కార్లు చాలా వరకు ఇలాగే పోయాయి. తేమ, వేడి దీన్ని తొందరపెడతాయి గానీ పుట్టించవు. పక్క బొమ్మకు అంటుకోదు, మందూ లేదు. మూర్ మార్కెట్‌లో నేను దాన్ని కొన్న రోజునే ఈ నెర్రెలు దాని లోపల రాసిపెట్టి ఉన్నాయి. నేను తాళం వేసింది ఎవరి మీదనో, ఇది పోయింది ఇంకో దారిన.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు మా అబ్బాయి ఫోన్ చేశాడు. వాడు అప్పటికి బెంగుళూరులో ఉద్యోగం. నేను గొంతు సవరించుకుని, "నాయనా, నీ నీలం కారు పాడైపోయిందిరా" అన్నాను. పక్కన మా ఆవిడ నా ముఖం చూస్తూ నిలబడింది. వాడు కాసేపు ఆలోచించి, "నీలం కారా? నాకు గుర్తు లేదు నాన్నా" అన్నాడు. "అదేరా, ఆదివారం బీరువాలోంచి తీసేవాళ్లం." "ఓ, చేతులు కడుక్కోమనేవాడివే, అదా! పోతే పోనీ నాన్నా." ఆ తర్వాత వాడే, "నా ఎర్ర బస్సు ఉండాదా? అమ్మ కుట్లేసింది, సోడా మూతలు... అది దొరికితే ఈసారి వచ్చినప్పుడు తీసుకుపోతా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ ఏమీ అనలేదు. వంటింట్లోకి పోయింది. నేను నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను, యాభై ఎనిమిదేళ్ల వయసులో. అది వేరే ఇల్లు, వేరే అటక అని ఎక్కాక గుర్తొచ్చింది. మేం 1986 దాకా అద్దెకున్న ఉదయగిరి ఇంటికి కూడా పోయి అడిగాను. ఇల్లు పడగొట్టి మేడ కట్టారు. ఆ ఇంటివాళ్లు కాఫీ ఇచ్చి, ప్లాస్టిక్ బస్సు కోసం ముసలాయన ఇంత దూరం ఎందుకొచ్చాడో అర్థం కాక, జాలిగా చూశారు.

అప్పటి నుంచి వెతుకుతున్నాను. వెతికేకొద్దీ ఒక సంగతి బోధపడింది. లోహపు కార్లు ఖరీదైనవి కాబట్టి అందరూ నాలాగే దాచారు. ఎంత పాతదైనా డబ్బు పెడితే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. తిరునాళ్లలో, ఉరుసుల్లో అమ్మిన ప్లాస్టిక్ బస్సుల్ని ఎవరు దాచారు? పిల్లలు ఆడి విరగ్గొట్టారు, పెద్దలు పాత సామాన్లవాడికి వేశారు. వాటి మీద కంపెనీ పేరు కూడా ఉండేది కాదు. అంత చవక వస్తువు ఇప్పుడు బంగారం పెట్టినా దొరకడం లేదు. ఈ మాట మేష్టారికి చెబితే, "అరుదు కావడం వేరు, మంచిది కావడం వేరు" అన్నారు. ఆయనతో ఇదే చిక్కు, ప్రతిదానికీ మార్కులు వేస్తారు.

ఆ ఉదయగిరి ప్రయాణంలోనే ఇంకొకటి జరిగింది. మన ఉదయగిరి చెక్క చెంచాలు మీకు తెలియనివి కావు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. (వస్తువు మీద మోజు ఆ ఊరికి కొత్త కాదు లెండి. 1514లో దుర్గం పట్టుకున్నాక కృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. కలెక్టరంటే ఆయన.) చెంచాలు చేసే ఒక పనివాడి ఇంటి ముందు ఆగాను. వసారాలో నర్ది కర్ర ముక్కలు పోగుపోసి ఉన్నాయి. ఆకురాయితో చెంచా కాడ మీద పువ్వు తీస్తున్నాడు. "జీపు చేసిపెడతావా సాయిబూ, మా తాసీల్దారు జీపు?" అని అడిగాను. నవ్వాడు. "చెంచాలు, గరిటెలు చేసేవాణ్ణి సార్, జీపు ఎప్పుడూ చేయలా" అన్నాడు. నా సెల్లులో పాత జీపు ఫోటో చూపించి, కొలతలు 43వ వంతుకు లెక్కగట్టి కాగితం మీద రాసిచ్చాను. వారం తర్వాత పోతే జీపు తయారు. ముందు జాలీ కడ్డీలు దువ్వెన పళ్లలాగా తీశాడు. పువ్వు పెట్టకుండా ఉండలేకపోయాడు, వెనక తలుపు మీద చిన్న తీగ చెక్కాడు. "రంగు వేయమంటావా?" అన్నాను. "వద్దు సార్, రంగేస్తే కర్ర ఎవరికి కనపడతాది?" అన్నాడు. రెండు రోజుల కూలి అడిగాడు, మూడు రోజులది ఇచ్చాను. ఇంకొకటి చేయమంటే, "చేస్తా, కానీ దీని మాదిరే రాదు, దీనికి అచ్చు లేదు కదా" అన్నాడు. స్కేలు ప్రకారం చక్రాలు కొంచెం పెద్దవి. మేష్టారు పట్టేశారు. నేను మార్పించలేదు.

మనవళ్లకు బొమ్మలు కొనే పెద్దలకు రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. లోహమైనా, ప్లాస్టిక్ అయినా ఆ గుర్తు చూసి కొనండి. సీసం కలిసిన రంగుల భయం, విడిపోయే చిన్న ముక్కల భయం అందుకే. మూడేళ్ల లోపు పిల్లలకు ఊడే చక్రాలున్నవి ఇవ్వొద్దు, నోట్లో పెట్టుకుంటారు. బరువైన లోహపు కారు ఇస్తే మీ బోడిగుండు జాగ్రత్త, పిల్లలు విసురుతారు. దాచుకునేవైతే ఎండ తగలని చోట, గాలి ఆడేటట్టు పెట్టండి. టైర్లు ప్లాస్టిక్‌కు ఆనకుండా కింద కాగితం వేయండి.

పోయిన సంక్రాంతికి మా అబ్బాయి పిల్లాడితో వచ్చాడు. బీరువాకు తాళం తీసేసి ఉంచాను. మనవడు అన్నీ కింద పరిచాడు. చేతులు కడుక్కోమని నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. వాడు ముట్టుకున్నది లోహపు కార్లు కాదు, తెల్ల అంబాసిడర్‌ను లాగి వదలడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి దాని పక్క అద్దం విరిగింది, ఎర్ర దీపం ఎక్కడికో పోయింది. మా ఆవిడ సూది కాల్చి తెచ్చింది. మా అబ్బాయి చాప మీద వాడి పక్కనే కూర్చుని, చెక్క జీపు చేతిలో తిప్పుతూ, "నాన్నా, నీలం కారు ముక్కలు పారేశావా?" అని అడిగాడు. పారేయలేదు. చిన్న సీసాలో వేసి పెట్టాను. తీసి చూపించాను. వాడు సీసా మూత తీసి, కారు తలుపు ముక్క ఒకటి ఏరుకుని జేబులో వేసుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

ఈ సంచిక చదివే మన సభ్యుల్లో ఎవరి అటక మీదైనా, కొట్టుగదిలోనైనా 1980ల నాటి ఎర్ర ప్లాస్టిక్ బస్సు ఉంటే, ఏ.ఎస్.పేట ఉరుసులోనో, మరే తిరునాళ్లలోనో కొన్నది, ఎంత విరిగినదైనా సరే, కార్యదర్శిగారికి కబురు చేయండి. నేనే వచ్చి తీసుకుంటాను. చక్రాలు లేకపోయినా ఫర్వాలేదు, సోడా మూతలు నా దగ్గర ఉన్నాయి.